మాత్రల వల్ల కాలేయానికి దెబ్బ: ఆకు పసర్లు, కషాయాలు ఎంతవరకు కాపాడతాయి?

ఉద్దానం, తీర ప్రాంత రైతులకు సూచనలు

డొంకూరులో వల లాగి ఒడ్డుకొచ్చిన వారైనా, పలాస చుట్టుపక్కల జీడి తోటల్లో రోజంతా వంగి పనిచేసిన వారైనా సాయంత్రానికి వెతుక్కునేది నొప్పి బిళ్ళనే. జ్వరానికో బిళ్ళ, కీళ్ళకో బిళ్ళ, టీబీ ఉంటే ఆరు నెలల మందులు. "ఇన్ని మాత్రలు మింగితే లివరు పోతుందట కదా సార్, నేల ఉసిరి పసరు తాగితే విరుగుడా?" అని మా కార్యాలయానికి వచ్చే రైతులు తరచూ అడుగుతున్నారు. నేను వ్యవసాయ అధికారిని, వైద్యుణ్ణి కాను. ఏ మాత్ర వాడాలో, ఏది ఆపాలో చెప్పాల్సింది వైద్యులే. మొక్కల సంగతి, వాటిమీద జరిగిన ప్రయోగాల సంగతి, గట్టు మీద నుంచి కోసుకొచ్చిన ఆకు ఎంత శుభ్రమైనదన్న సంగతి మాత్రం నేను చెప్పగలను. ముందుగానే ఒక మాట: ఈ మొక్కల్లో గుణం లేదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ మాత్రకు విరుగుడుగా ఇంట్లో తాగే పసరును నమ్ముకుని అసలు వైద్యం ఆపితే ప్రాణానికే ముప్పు.

మాత్ర కాలేయాన్ని ఎలా దెబ్బతీస్తుంది?

మనం మింగిన ప్రతి మందునూ విడగొట్టి బయటకు పంపే పని కాలేయానిదే. జ్వరానికి వాడే పారాసెటమాల్‌నే తీసుకోండి. సరైన మోతాదులో ఇది సురక్షితమైన మందు. కాలేయంలో విడిపోయేటప్పుడు అందులో కొద్ది భాగం విషపదార్థంగా మారుతుంది. కాలేయంలో సహజంగా ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు పట్టి బయటకు తోసేస్తుంది. మోతాదు మించితే ఈ నిల్వ అయిపోతుంది. అప్పుడు ఆ విషం నేరుగా కాలేయ కణాలను చంపుతుంది. సారా ఎక్కువగా తాగేవారిలో, సరిగా తిండి తినని వారిలో ఈ నిల్వ ముందే తక్కువగా ఉంటుంది. కాబట్టి వారికి తక్కువ మోతాదే ప్రమాదం కావచ్చు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 8. 650 బిళ్ళలైతే 6 దాటకూడదు. జలుబు బిళ్ళల్లో, కొన్ని నొప్పి బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, ఒళ్ళు నొప్పులకు ఒకటి వేసుకుంటే మూడు పేర్లతో ఒకే మందు లోపలికి వెళ్ళినట్లే. వేర్వేరు పేర్లతో ఉన్న ఒకే పురుగుమందును రెండు డబ్బాల్లోంచి తీసి ఒకే ట్యాంకులో కలపడం లాంటిదే ఇది.

టీబీ మందుల దారి వేరు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్ అనే మూడింటికీ కాలేయాన్ని ఇబ్బంది పెట్టే గుణం ఉంది. చాలామందిలో కాలేయ పరీక్ష అంకెలు కొంచెం పెరిగి, వాటంతటవే సర్దుకుంటాయి. కొద్దిమందిలో మాత్రం నిజమైన దెబ్బ తగులుతుంది. మన దేశంలోని పలు ఆసుపత్రులు 2013 నుంచి 2018 వరకు నమోదు చేసిన 1,288 కేసుల్లో మందుల వల్ల కాలేయం దెబ్బతినడానికి మొదటి కారణం టీబీ మందులే, దాదాపు 46 శాతం. అదే లెక్కలో ఆయుర్వేద, మూలికా మందుల వంటివి 14 శాతం దాకా ఉన్నాయి. కాలేయాన్ని కాపాడతాయని మనం తాగేవి కూడా దెబ్బతీసే జాబితాలో ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

ఎర్రగా వచ్చిన మూత్రమంతా కామెర్లు కాదు

కొన్నేళ్ళ క్రితం జరిగిన ఒక విషయం చెబుతాను. తీరం వైపు గ్రామానికి చెందిన ఒక రైతుకు టీబీ మందులు మొదలయ్యాయి. రెండు మూడు రోజులకే మూత్రం నారింజ రంగులో వచ్చింది. కామెర్లు అనుకుని భయపడ్డాడు. తోట చూడటానికి వెళ్ళిన నన్ను "సార్, నేల ఉసిరి ఏది?" అని అడిగాడు. గట్టు మీద ఉన్న మొక్కను నేనే చూపించాను. ఎందుకని అడగలేదు. అతను మాత్రలు ఆపేసి మూడు వారాలు పసరు తాగాడు. మూత్రం మామూలు రంగుకు వచ్చింది. పసరు పనిచేసిందని పది మందికి చెప్పాడు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు, జ్వరం మళ్ళీ వచ్చాయి. వైద్యం మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈలోగా ఇంట్లో వాళ్ళకూ పరీక్షలు చేయించాల్సి వచ్చింది.

అసలు జరిగింది ఇది. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీరు కూడా నారింజ లేదా ఎరుపు రంగులో వస్తాయి. అది మందు రంగే తప్ప జబ్బు కాదు. మాత్ర ఆపితే ఆ రంగు పోతుంది. అతని విషయంలో రంగు పోయింది మాత్ర ఆపినందుకు, పేరు వచ్చింది పసరుకు. ఆ రోజు "ఎందుకు?" అని నేను ఒక్క మాట అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు. అప్పటి నుంచి మందు మొక్క చూపించమని ఎవరు అడిగినా ముందు ఆ ప్రశ్న అడుగుతున్నాను.

తేడా ఇలా గుర్తించండి:

• మందు మొదలైన రోజు నుంచే మూత్రం నారింజ రంగులో ఉండి, కళ్ళు తెల్లగా ఉండి, ఆకలి మామూలుగా ఉంటే అది రిఫాంపిసిన్ రంగు. మందు ఆపకూడదు.

• కళ్ళు పచ్చబడటం, అన్నం వాసనకే వికారం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, విపరీతమైన నీరసం, ఒళ్ళంతా దురద ఉంటే అది కాలేయం చేస్తున్న హెచ్చరిక. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాలేయం నిజంగా దెబ్బతింటే వైద్యులే టీబీ మందులు ఆపుతారు. రక్తపరీక్షలో అంకెలు దిగాక ఒక్కో మందూ విడివిడిగా మళ్ళీ మొదలుపెట్టి ఏది పడటం లేదో కనిపెడతారు. మనంతట మనం ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపితే టీబీ క్రిమి మందులకు లొంగని మొండి రకంగా మారుతుంది. ఒకే పురుగుమందును అరకొర మోతాదులో మళ్ళీ మళ్ళీ కొడితే పురుగు తట్టుకునే శక్తి పెంచుకోవడం మీరు పొలంలో చూసిందే.

పసరుకు ఇంత పేరు ఎలా వచ్చింది?

మన పల్లెల్లో వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం కలుషిత నీరు, ఆహారం వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. వీటిలో ఎక్కువమందికి విశ్రాంతి, తేలికపాటి ఆహారంతో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆ వారాల్లో ఏ పసరు తాగినా అదే తగ్గించినట్లు కనిపిస్తుంది. అయితే గర్భిణులకు ఇ రకం ప్రాణాంతకం కావచ్చు. వారిని ఇంట్లో ఉంచి పసరు వైద్యం చేయరాదు.

మందు వల్ల వచ్చిన కామెర్లు కూడా చాలాసార్లు ఆ మందు ఆపితేనే తగ్గుతాయి. పసరు ఇచ్చే వారు "ఇంగ్లీషు మందులన్నీ ఆపేయండి" అనే షరతుతోనే ఇస్తారు. కాలేయం కోలుకోవడానికి ఆ షరతే కారణం కావచ్చు. దానివల్ల టీబీ, మూర్ఛ, గుండె, షుగరు మందులు కూడా ఆగిపోతే మాత్రం కొత్త ప్రమాదం వస్తుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

కొత్త వరి రకం రైతు దాకా ఎలా వస్తుందో మీకు తెలుసు. శ్రీకాకుళం సన్నాలు మన రాగోలు పరిశోధన స్థానంలో పుట్టిన రకమే. పరిశోధన స్థానం మడిలో బాగా పండినంత మాత్రాన ఏ రకాన్నీ విడుదల చేయరు. పలు చోట్ల పరీక్షించి, చిరుసంచులుగా రైతుల పొలాల్లో వేయించి, ఏటేటా ఫలితం నిలిచిందో లేదో చూస్తారు. మందు మొక్కల విషయంలో ఎలుకల మీద ప్రయోగం కుండీలో పెంచి చూసినట్లు. మనుషుల మీద పెద్ద ఎత్తున జరిపే పరీక్షలు చిరుసంచుల దశ. మనం వాడే చాలా మూలికలు కుండీ దశ దాటలేదు. దాటిన కొన్నింటిలో ఫలితం నిలవలేదు.

ఇంకో తేడా ఉంది. ఎలుకల ప్రయోగాల్లో ఎక్కువగా మొక్క సారాన్ని ముందు కొన్ని రోజులు ఇచ్చి, తర్వాత ఎక్కువ మోతాదులో పారాసెటమాల్ ఇస్తారు. ఇది విత్తనశుద్ధి లాంటిది. చెట్టు ఎండుతెగులుతో వాలిపోయాక వేరు దగ్గర ట్రైకోడెర్మా పోస్తే పాత పంట తిరిగి రాదు కదా. దెబ్బ తగిలాక తాగే పసరు కూడా అంతే. పైగా అక్కడ వాడేది కొలత ప్రకారం తీసిన సారం. మనం తాగేది గుప్పెడు ఆకు నూరిన రసం. దాని బలం ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది.

నేల ఉసిరి: ఎలుకల్లో కాలేయ రక్షణ గుణం కనిపించింది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవారికి దీని పొడి ఇచ్చి, 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని ప్రకటించారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. మాత్రల వల్ల కలిగే దెబ్బకు మనుషుల్లో ఇది విరుగుడని రుజువు కాలేదు.

నేలవేము: ఇందులోని చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ పారాసెటమాల్ ఇచ్చిన ఎలుకల కాలేయాన్ని కొంత కాపాడింది. ఇది రక్తంలో చక్కెరను, రక్తపోటును తగ్గించవచ్చు. షుగరు, బీపీ మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పకుండా తాగితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

గుంటగలగర: తెల్లని చిన్న పూలతో కాలువ గట్ల మీద పెరుగుతుంది. కాండం నలిపితే రసం నల్లబడుతుంది. జంతువుల్లో మంచి ఫలితాలున్నాయి. మనుషుల మీద గట్టి పరీక్షలు లేవు.

తిప్పతీగ: టీబీ మందులతో పాటు తిప్పతీగ, పసుపు ఇచ్చిన వారిలో కాలేయం దెబ్బతినడం తక్కువగా కనిపించిందని 2008లో మన దేశంలోనే ఒక పరిశోధన వెలువడింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ కోవిడ్ కాలంలో రోజూ తిప్పతీగ కషాయం తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు, 2022లో దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు 43 మంది వివరాలతో ప్రకటించారు. అదే పోలికలున్న వేరే తీగను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అప్పట్లో వివరణ ఇచ్చింది. ఏ వివరణ తీసుకున్నా మనకు పాఠం ఒకటే: తెలియకుండా రోజూ తాగరాదు. థైరాయిడ్, కీళ్ళవాతం వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు మరీ జాగ్రత్త పడాలి.

పసుపు: కూరలో వేసుకునే పసుపుకు భయపడాల్సిన పని లేదు. మిరియాల సారం కలిపి అమ్మే గాఢమైన కర్క్యుమిన్ గొట్టాల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికా, ఇటలీలలో నమోదయ్యాయి. మిరియాల సారం పసుపు ఒంటికి పట్టడాన్ని బాగా పెంచుతుంది. దానితో పాటు ప్రమాదమూ పెరుగుతుంది.

సిలిమారిన్: ఇది మన మొక్క కాదు. మధ్యధరా ప్రాంతపు మిల్క్ థిజిల్ గింజల నుంచి తీస్తారు. ఐరోపాలో విషపు పుట్టగొడుగులు తిన్నవారికి ఆసుపత్రుల్లో దీని ఇంజెక్షన్ ఇస్తారు. టీబీ మందులతో కలిపి ఇచ్చిన పరీక్షల్లో కొన్నింటిలో కొంత మేలు కనిపించింది, కొన్నింటిలో తేడా లేదు. వైద్యుడు రాస్తేనే వాడండి.

పారాసెటమాల్ ఎక్కువైనప్పుడు నిరూపితమైన విరుగుడు ఉంది. దాని పేరు ఎన్-అసిటైల్ సిస్టీన్. అయిపోయిన గ్లూటాథయోన్ నిల్వను ఇది మళ్ళీ నింపుతుంది. ఎక్కువ బిళ్ళలు మింగిన 8 గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్లు కనిపిస్తాడు. అసలు దెబ్బ రెండు మూడు రోజులకు బయటపడుతుంది. కాబట్టి "బాగానే ఉన్నాడు కదా" అని పసరు పోసి ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, మాత్రల అట్టతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఉద్దానంలో మరో జాగ్రత్త: మూత్రపిండాలు

మన ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎంతమందిని తీసుకుపోయిందో మీకు చెప్పనక్కర్లేదు. ఫలానా దాని వల్లే వస్తోందని ఇప్పటికీ తేలలేదు. కారణం తేలే వరకు, తెలిసిన ప్రమాదాల నుంచైనా మూత్రపిండాలను కాపాడుకోవాలి.

• డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ళలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీరు తక్కువ తాగిన రోజున వేసుకుంటే ఇంకా ప్రమాదం. వైద్యుని సలహా లేకుండా రోజూ వాడరాదు.

• క్రియాటినిన్ పెరిగినవారు, డయాలిసిస్‌లో ఉన్నవారు ఏ ఆకు రసమూ, కషాయమూ సొంతంగా తాగరాదు. వీటిలోని పొటాషియాన్ని దెబ్బతిన్న మూత్రపిండం బయటకు పంపలేదు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మూత్రపిండాలకు మంచిదని వాడే తెల్ల గలిజేరులో పొటాషియం లవణాలు ఎక్కువ. మన కొబ్బరి నీళ్ళకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

• గాడిదగడపాకు, నల్ల ఈశ్వరి మొక్కలను కడుపులోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోరాదు. ఈ జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేసి, క్యాన్సర్‌కు కూడా దారితీస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల గొట్టాలు మింగిన మహిళల్లో వంద మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పొరపాటున ఈ జాతి మొక్క అందులో కలిసింది. బాల్కన్ దేశాల్లోని పల్లెల్లో తరతరాలుగా వస్తున్న మూత్రపిండాల వ్యాధికి గోధుమ చేలలో కలుపుగా పెరిగిన ఇదే జాతి మొక్క గింజలు పిండిలో కలవడం కారణమని తేలింది.

గట్టు మీద మొక్కను కోసే ముందు

ఎన్ని గుణాలున్న మొక్క అయినా అది పెరిగిన చోటును బట్టే ఉంటుంది. ఇది మన వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి వివరంగా చెబుతున్నాను.

• గ్లైఫోసేట్ వంటి కలుపు మందు కొట్టాక కూడా వారం రోజుల వరకు మొక్క పచ్చగానే కనిపిస్తుంది. చూసి చెప్పలేం. పక్క రైతు గట్టు మీద కోసేటప్పుడు అతను ఏం కొట్టాడో మనకు తెలియదు.

• జీడిలో టీ దోమకు కొత్త చిగురు దశలో, పూత దశలో, పిందె దశలో మందులు కొడతాం. ఆ తుంపరలు చెట్ల కింద పెరిగిన మొక్కల మీద పడతాయి. ఆ కాలంలో తోటలోని ఏ ఆకునూ మందుగా కోయరాదు.

• రోడ్ల పక్కన, మురుగు కాలువల ఒడ్డున, జీడి పరిశ్రమల వ్యర్థ జలాలు చేరే చోట పెరిగినవి పనికిరావు.

• ఒకేలా కనిపించే మొక్కలు చాలా ఉన్నాయి. నేల ఉసిరిలోనే రెండు మూడు రకాలు గట్ల మీద కలిసి పెరుగుతాయి. కాండం ఎర్రగా, కాయ గరుకుగా ఉండేది వేరే జాతి. తిప్పతీగను పోలిన తీగ కాండం మీద బుడిపెలు దట్టంగా ఉంటాయి.

• సరిగా ఆరని మూలిక, బూజు పట్టిన పొడి వాడరాదు. కొన్ని రకాల బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ కాలేయానికి పెద్ద శత్రువు. బూజు పట్టిన వేరుశనగ, ఎండు కొబ్బరిలోనూ ఇదే ప్రమాదం. గింజలను, కొబ్బరిని బాగా ఆరబెట్టి, బూజు పట్టినవి ఏరి పారేయడం ఏ పసరు కన్నా కాలేయానికి ఎక్కువ మేలు చేస్తుంది.

నేలవేము వంటి పంటను జీడి, కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసి మూలికల వ్యాపారులకు అమ్మాలనుకునే వారు మొక్క పేరు నిర్ధారించుకుని, కొనుగోలుదారుతో ముందే మాట్లాడుకుని, పురుగుమందు అవశేషాలు లేకుండా పండించి, నీడలో ఆరబెట్టాలి. మీరు అమ్మిన ఆకు ఎక్కడో ఒక రోగి కడుపులోకి వెళుతుందని మరచిపోకూడదు.

చేయాల్సినవి

• టీబీ మందులు మొదలుపెట్టే ముందు, వైద్యులు చెప్పిన గడువుల్లో కాలేయ పరీక్ష చేయించుకోండి. సారా అలవాటు, పాత కామెర్లు, హెపటైటిస్ బి ఉంటే దాచకుండా చెప్పండి.

• టీబీ వైద్యం నడిచే కాలంలో సారా, కల్లు పూర్తిగా మానేయండి.

• పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ యోజన కింద టీబీ రోగికి నెలకు 1,000 రూపాయలు వస్తాయి. బ్యాంకు ఖాతా వివరాలు ఆరోగ్య కార్యకర్తకు ఇవ్వండి. గుడ్డు, పప్పు, చేప తినండి. సందేహాలకు టీబీ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666.

• ఆయుర్వేద వైద్యం కావాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుని దగ్గరకే వెళ్ళండి. మీరు వాడుతున్న మందులన్నీ ఇద్దరు వైద్యులకూ చెప్పండి.

• ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, పసరు కోసం వాడిన మొక్క కొమ్మ కూడా తీసుకెళ్ళండి.

చేయకూడనివి

• మూత్రం రంగు చూసి టీబీ మందులు ఆపరాదు.

• కళ్ళు పచ్చబడ్డాక పసరు తాగుతూ రోజులు గడపరాదు.

• పేరు, తయారీ వివరాలు లేని పొడులు, గొట్టాలు కొనరాదు. కొన్నింటిలో స్టెరాయిడ్లు, పాదరసం, సీసం కలిసి ఉండవచ్చు.

• మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, చిన్న పిల్లలకు పసరు పోయరాదు.

మీ ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడుతూ వికారంగా ఉందంటే, ఆకు కోసం గట్టు వైపు వెళ్ళకుండా ముందు వారి కళ్ళు చూడండి. పచ్చగా ఉన్నా, అన్నం సహించకపోయినా ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో కబురు పెట్టి అదే రోజు ఆసుపత్రికి చేర్చండి. మొక్కను గుర్తుపట్టడంలో సందేహం ఉంటే కొమ్మ తెంపి మీ రైతు సేవా కేంద్రానికి తీసుకురండి. అదేమిటో చెబుతాం. దేనికోసమని మేం అడిగితే మాత్రం దాచకుండా చెప్పండి.